మా తాత తుడిచేసిన పదకొండు నక్షత్రాలు

మా తాత పేరు ఆధార్ కార్డులో నూర్‌బాషా పీరు. విజయవాడ వన్ టౌన్‌లో ప్రెస్సుల వాళ్ళకి మాత్రం ప్లేట్ల పీరు అంటేనే తెలుస్తుంది. నలభై ఆరేళ్ళు ఆయన చేసింది ఒకటే పని. అచ్చు వేసే అల్యూమినియం ప్లేటు మీదికి అక్షరాలు, బొమ్మలు దించడం, ఆ తర్వాత వాటి చుట్టూ పడ్డ అక్కర్లేని మచ్చలన్నీ తుడిచేయడం. మొదటిది ఎవరైనా చేస్తారని, రెండోది తనలా చేసేవాడు కృష్ణా జిల్లా మొత్తం మీద లేడని ఆయన నమ్మకం. జిల్లా సంగతి నాకు తెలియదు కానీ మా ఇంట్లో మాత్రం ఆయనకి పోటీ లేదు.

ఉప్మాలో ఆవాలు ఏరి పళ్ళెం అంచున వరసగా పెడతాడు. నా చున్నీ మీద దారప్పోగు కనిపిస్తే ఒక కాలు ఆటోలో ఉన్నా సరే, ఆటోని ఆపి మరీ తీసేస్తాడు. ఒకసారి నేను ఉండబట్టలేక, "తాతా, నా బుగ్గ మీద పుట్టుమచ్చ కూడా తీసెయ్యరాదూ?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, నా బుగ్గ దగ్గరికి వచ్చి, నిజంగానే పరిశీలించాడు.

"ఇది లోపల్నించి వచ్చింది. మనవల్ల కాదు" అన్నాడు.

దీనికంతటికీ కారణం ఆయన నాన్న అంటుంది మా అమ్మ ముబీనా. ఆయన దూదేకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో అన్నంలో దూది, మంచినీళ్ళలో దూది, నిద్ర లేస్తే కనురెప్పల మీద దూది. తాత పద్నాలుగో ఏట ఆ ఇంట్లోంచి బయటపడి ప్రెస్సులో చేరాడు. అప్పటి నుంచి ఎక్కడ నలక కనిపించినా దానితో పాత పగ ఉన్నట్టే చూస్తాడు.

ఆ ప్రెస్సు పేరు సుబ్బరత్నం ఆఫ్‌సెట్ ప్రింటర్స్. పెద్ద ఓనరుగారు తన భార్య పేరు పెట్టుకున్నాడు. ఆయన పోయాక కొడుకు దుర్గాప్రసాద్ గారు చూసుకుంటున్నాడు. వెనకవైపు, పేపరు గోడౌనుకీ బాత్రూముకీ మధ్య, కిటికీ లేని గది మా తాతది. మామూలు వెలుతురు తగిలితే ప్లేటు పాడవుతుంది కాబట్టి అందులో ఎప్పుడూ పసుపు ట్యూబులైట్లే. లోపలికి వెళితే ఎంత ఆరోగ్యవంతుడైనా కామెర్లొచ్చినట్టు కనిపిస్తాడు. ఒక మూల బల్లంత పెట్టె ఉంటుంది. దాని అద్దం కింద ప్లేటు, ప్లేటు మీద ఫిలిం పరిచి, మధ్యలో గాలి లాగేసి దీపం వేస్తే, నాలుగు నిమిషాల్లో ఫిలిం మీదున్నది ప్లేటు మీదికి దిగుతుంది. ఆ దీపంలో కంటికి కనిపించేది ఎంత ఉన్నా అసలు పని చేసేది కనిపించని వెలుగు. దాన్ని అతినీలలోహితం అంటారని ఇంటర్‌లో చదివాను. ఆ ఇంటర్‌లోనే ఫిజిక్సు నన్ను రెండుసార్లు వెనక్కి పంపింది కాబట్టి అంతకు మించి నన్ను అడగవద్దు. తాత దాన్ని 'యూవీ' అనేవాడు, ఇంట్లో తిరిగే పాము పేరు చెప్పినట్టు. దాని వైపు చూడకూడదు, చర్మం మీద పడనివ్వకూడదు. దీపం ఆర్పాక గదిలో కాసేపు ఒక పచ్చి వాసన, ఉరుముల రోజు గాలిలో వచ్చేలాంటిది. తాత చొక్కాకి ఎప్పుడూ అదే వాసన.

ఒకప్పుడు ఆ గదిలో ముగ్గురు ఉండేవాళ్ళట. పెద్ద కెమెరాతో ఫిలిం తీసే ఆయన, ఆ ఫిలిం ముక్కలు వరసగా అతికించే ఆయన, మా తాత. అనుమానం వస్తే "ఒరేయ్, ఇది మచ్చా, బొమ్మలోదా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కునేవాళ్ళు. కెమెరా పోయింది, దాంతో పాటు కెమెరా మనిషీ పోయాడు. అతికించే ఆయన బెంజ్ సర్కిల్ దగ్గర మొబైల్ కవర్ల కొట్టు పెట్టుకున్నాడు. తాత ఒక్కడే మిగిలాడు.

ఇంట్లో కూడా అంతే. మా అమ్మమ్మ బేగం బీ ఉన్నప్పుడు సాయంత్రం రాగానే ఆ రోజు చేసిన ప్లేట్లన్నీ వరసగా చెప్పేవాడు. ఏ పెళ్ళికార్డు, ఏ గైడు, దేనికి ఎన్ని మచ్చలు. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "ఊ" అనేది. ఆవిడ పోయాక చెప్పడం మానేశాడు. పాపం అనిపించి ఒకరోజు నేనే, "ఇవాళ ఏం ప్లేట్లు చేశావు తాతా?" అని అడిగాను. చెప్పడం మొదలుపెట్టాడు. నేను "ఊ" అన్నాను. సగంలో ఆపేశాడు.

"ఏం, ఆపేశావేం?"

"నీది ఫోను చూసుకుంటూ అనే ఊ" అన్నాడు.

ఇంటర్ రెండోసారి పోయాక నన్ను కూడా అదే ప్రెస్సులో బైండింగుకి పంపారు. ఫారాలు, అంటే చాలా పేజీలు కలిపి అచ్చైన పెద్ద కాగితాలు, మడవడం, పిన్నులు కొట్టడం. మధ్యాహ్నం తాతకి క్యారేజీ ఇచ్చి వచ్చేదాన్ని. తను ఒక్కడే ఆ పసుపు గదిలో తినేవాడు. బయటికి రమ్మంటే, "వెలుతురు ఎక్కువ" అనేవాడు.

నేను చెప్పబోయేది కరోనాకి రెండేళ్ళ ముందు మాట. అప్పటికే ఊళ్ళో పెద్ద ప్రెస్సులన్నిటిలో కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటే వచ్చే మిషన్లు వచ్చేశాయి. ఒకరోజు దుర్గాప్రసాద్ గారు బైండింగు బల్ల దగ్గరికి తాతని పిలిచి, మా అందరి ముందే విషయం చెప్పేశాడు.

"బాబాయ్, ఇంక ఫిలిం లేదు, దీపం లేదు, తుడిచే పనీ లేదు. ఆ మిషను పెట్టాలంటే ఏసీ గది కావాలి. నా దగ్గర ఖాళీ చేయించగలిగింది నీ గదొక్కటే."

తాత తల వంచుకుని బల్ల మీద కాగితం పొట్టు వేలితో దగ్గరికి చేస్తున్నాడు.

దుర్గాప్రసాద్ గారు ఆయన్ని చూసి మెత్తబడ్డాడు. "సర్లే. నాన్న పెట్టిన మనిషివి. నీ ప్లేటు మీద ఒక్క కంప్లయింట్ వచ్చేదాకా ఆ గది నీదే. వచ్చిన్రోజు మాత్రం నన్ను తిట్టుకోకు."

"రానివ్వను బాబూ" అన్నాడు తాత.

నలభై ఆరేళ్ళలో ఒక్క కంప్లయింట్ కూడా రాలేదా అంటే, పెద్ద ఓనరుగారి హయాంలో ఒకటి వచ్చింది. ఎవరిదో మొదటి పుట్టినరోజు కార్డు మీద పాప ఫోటోలో దిష్టిచుక్క ఉంటే, నలక అనుకుని తాత దాన్ని తుడిచేశాడు. పాప నాయనమ్మ గేటు దగ్గరే మొదలుపెట్టి, "నా మనవరాలికి దిష్టి తగిలితే నీ ప్రెస్సుకే తగిలినట్టు" అని అరిచిందట. రెండు వందల కార్డుల మీదా తాత కాటుకతో చుక్క పెట్టి పంపించాడు. ఇది అమ్మమ్మ చెప్పి చెప్పి నవ్వే కథ. తాతకి మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

దుర్గాప్రసాద్ గారు మాట ఇచ్చాక తాత ఇంకా ముందుగా వెళ్ళి, ఇంకా ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఆ గది పోతే ఆయనకి పొద్దున్నే చొక్కా వేసుకుని వెళ్ళే చోటు ఇంకోటి లేదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. మా ఇంట్లో కుట్టుమిషను మోత, మా అమ్మ కేకలు, నా ఫోను తప్ప ఇంకేమీ లేవు.

అలాంటప్పుడు వచ్చింది సాయిశ్రీ పుస్తకం. ఆవిడ హనుమాన్ జంక్షన్ అవతల రైతు రత్తయ్యగారి అమ్మాయి. బెంగుళూరులో నక్షత్రాల మీద పరిశోధన చేస్తోంది. తను చదివిన హైస్కూలు లాంటి స్కూళ్ళలో పంచడానికి పిల్లల కోసం ముప్పై రెండు పేజీల పుస్తకం తెలుగులో రాసుకుని, అచ్చుకి తెచ్చింది. ఆఫీసు గదిలో దుర్గాప్రసాద్ గారితో మాట్లాడి, ఫైలు ఇచ్చి వెళ్ళిపోయింది. వెనక గదిలో ఒక మనిషి ఉంటాడని ఆవిడకి ఎవరు చెబుతారు? ఫైలు లక్ష్మీకాంత్ దగ్గరికి వెళ్ళింది. అతను పక్క వీధిలో ఫిలింలు తీసి ఇస్తాడు, అతనికి మిగిలిన ఖాతా మా ప్రెస్సు ఒక్కటే. ఫిలింలు అక్కణ్ణుంచి తాత దగ్గరికి వచ్చాయి.

ఆ మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి తాత గాజుబల్ల మీద ఫిలిం పరుచుకుని, బ్లేడు మూలతో గీకుతున్నాడు.

"ఏంటి తాతా, గోకుతున్నావు?"

"లక్ష్మీకాంత్ మిషను కడగట్లేదు. ఎలా ఉందో చూడు, ఎవడో తుమ్మినట్టు."

చూశాను. పేజీ మధ్యలో సగం చుట్టి వదిలేసిన జిలేబీలాంటి బూడిదరంగు బొమ్మ. దానికి చాలా దూరంగా, తెల్లని చోట, అక్కడొకటి ఇక్కడొకటి నల్లని నలకలు. ఒక వరసా లేదు, పద్ధతీ లేదు.

"ఇంతకీ ఏం బొమ్మ ఇది?"

"ఏమో. ఏదో సైన్సు."

"అడగలేకపోయావా?"

"ఎవర్ని?" అన్నాడు, బ్లేడు ఆపకుండా.

అన్నం చల్లారిపోతోందని నాకు విసుగు. తొందరగా అయిపోతే బాగుండునని ఆయన భుజం మీంచి వంగి, "ఇదిగో, ఇక్కడింకోటి వదిలేశావు" అని చూపించాను. అది కూడా గీకేశాడు. తర్వాత ప్లేటు చేసి, దాని మీద కూడా ఇంకేమైనా మిగిలాయేమోనని మచ్చలు కరిగించే మందు పెన్నుతో తుడిచి, జిగురు నీళ్ళు పూసి, మిషను నడిపే డేనియల్‌కి ఇచ్చాడు. రెండు వేల కాపీలు రెండు గంటల్లో అయిపోయాయి. పేజీ పాలలా ఉందని డేనియల్ మెచ్చుకున్నాడు. తాత ఆ సాయంత్రం ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మూడో రోజు సాయిశ్రీ వచ్చింది. మొదటి కాపీకి పిన్ను కొట్టి నేనే చేతికిచ్చాను. ఆవిడ నవ్వుతూ అట్ట చూసుకుంది, లోపల తిప్పుకుంటూ వెళ్ళింది. ఎనిమిదో పేజీ దగ్గర ఆగింది. అక్కడ 'ఎదుటి బొమ్మలో గెలాక్సీకి దూరంగా ఉన్న పదకొండు నల్లని చుక్కల్ని చూడండి' అని రాసి ఉంది. ఎదుటి పేజీలో ఆ జిలేబీ తప్ప ఒక్క చుక్కా లేదు.

ఎదురెదురుగా ఉన్న పేజీలే కదా, తాత చదివి ఉండొచ్చు కదా అంటారేమో. ఎనిమిదో పేజీ మొదటి ఫారంలో ఉంది, తొమ్మిదో పేజీ రెండో ఫారంలో ఉంది. రెంటికీ వేరే ప్లేట్లు, వేరే రోజులు. మా బల్ల మీద మడతలు పడి, ఒకదాంట్లో ఒకటి దూరాకే ఆ రెండు పేజీలూ ఒకదాని మొహం ఒకటి చూస్తాయి.

సాయిశ్రీ ఇంకో కాపీ తీసింది. ఇంకోటి తీసింది. తర్వాత పేపరు కట్ట మీద కూర్చుండిపోయింది.

"మూడేళ్ళండీ. ఈ పదకొండు చుక్కల కోసం మూడేళ్ళు పనిచేశాను" అంది, ఎవరితోనో తెలియకుండా.

దుర్గాప్రసాద్ గారు కంగారుగా ఫిలిం తెప్పించి లైటుకి పట్టి చూశాడు. అందులోనూ లేవు. అక్కడే నిలబడి లక్ష్మీకాంత్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"ఏమయ్యా, ఫిలిం ఎలా తీశావు?"

"ఎలా తియ్యడం ఏంటండీ, ఫైల్లో ఉన్నట్టే తీశాను."

"ఫైల్లో పదకొండు చుక్కలున్నాయంట. నీ ఫిలింలో ఒక్కటీ లేదు. నంజుకు తిన్నావా?"

"అయ్య బాబోయ్, నా మిషను అలా తినదండీ! ఇంకోసారి చూడండి..."

"చూసేదేం లేదు. రేపట్నుంచి మా పని నీకు రాదు, పెట్టెయ్."

ఆ గొడవకి తాత గది తలుపు తెరుచుకుంది. బయటి వెలుతురుకి కళ్ళు చికిలించుకుంటూ వచ్చాడు. వెంటనే అర్థమైపోయింది నాకు, ఆయనకి అర్థమైపోయిందని. నేను గబగబా వెళ్ళి చొక్కా వెనక పట్టుకుని లాగాను.

"తాతా, నువ్వేం మాట్లాడకు. వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు."

"లక్ష్మీకాంత్‌ని మానిపిస్తున్నాడా?"

"వాడికి ఇంకో ప్రెస్సు దొరుకుతుందిలే. నీకు ఇంకో గది దొరుకుతుందా?"

ఇంత పెద్ద మాట నేను ఎప్పుడూ అనలేదు. తాత నా వైపు ఒకసారి చూసి, నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ముందుకు వెళ్ళాడు. దుర్గాప్రసాద్ గారి చేతిలోంచి ఫిలిం తీసుకున్నాడు. వాలుగా పట్టుకుని చూపించాడు. వాలుగా చూస్తే సన్నగా బ్లేడు గీతలు.

"ఇక్కడొకటి. ఇక్కడొకటి. ఇవి నా గీతలు బాబూ. నలకలనుకుని గీకేశాను. లక్ష్మీకాంత్ ఫిలిం బాగానే ఇచ్చాడు."

బైండింగు దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. పదకొండోది నేను చూపించిందే అని నేనూ చెప్పవలసింది. చెప్పలేదు.

దుర్గాప్రసాద్ గారు ఎర్రబడ్డాడు, తర్వాత నీరసపడ్డాడు. "బాబాయ్..." అని ఆగిపోయాడు.

"ఒక్క కంప్లయింట్ అన్నావుగా. వచ్చింది" అన్నాడు తాత. "ఈ ఒక్క ప్లేటూ మళ్ళీ చేసి ఇచ్చేస్తాను. తర్వాత గది తీసుకో."

దుర్గాప్రసాద్ గారు వద్దంటాడని నేను ఎదురు చూశాను. ఆయన నేల చూస్తూ, "సరే బాబాయ్" అన్నాడు. కొత్త మిషనుకి అప్పటికే ఆర్డరు ఇచ్చేశాడని మాకు తర్వాత తెలిసింది. ఆయన దుర్మార్గుడేం కాదు, కాకపోతే ఆయనకి చెప్పలేని మాట తాతే చెప్పి పుణ్యం కట్టుకున్నాడు.

సాయిశ్రీ లేచి తాత దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"తాతగారూ, మీ గది చూడొచ్చా?" అంది.

ఆ గదిలోకి కొత్త మనిషి వచ్చి ఎన్నేళ్ళైందో. తాత స్టూలు చొక్కా చేత్తో తుడిచి ఇచ్చాడు. ఆవిడ కూర్చోకుండా దీపం పెట్టె చుట్టూ తిరిగి, గాలి పీల్చి, "ఇక్కడ ఓజోను వాసన వస్తోందే!" అంది.

"అది దీపం వాసనమ్మా."

"దీపంలో యూవీ గాలికి తగిలి తయారవుతుంది తాతగారూ. పైన ఆకాశంలోనూ ఇదే పొర ఉంటుంది. అదే మాకు అడ్డం. నక్షత్రాల నుంచి వచ్చే యూవీని అదీ, మిగతా గాలీ కలిసి మింగేస్తాయి. నేల మీద ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా కనపడదు. అందుకని గాలి దాటించి పైన పెట్టారు. ఆరువందల యాభై కిలోమీటర్ల ఎత్తులో."

"ఎంత దూరమది?" అని నన్ను అడిగాడు తాత, నేనేదో అక్కడికి వెళ్ళొచ్చినట్టు.

"ఇక్కణ్ణుంచి బెంగుళూరు ఎంతో, నిలువుగా అంత" అంది సాయిశ్రీ. "శ్రీహరికోట నుంచి వెళ్ళింది. భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. చీకటివైపు వచ్చిన కాసేపే చూడాలి. బాగా వెలిగే నక్షత్రం ఉన్నవైపు అసలు తిప్పకూడదు, లోపల బొమ్మ పట్టే పరికరం పాడైపోతుంది."

"దీపం వైపు చూడకూడదన్నమాట" అన్నాడు తాత. ఆ ఒక్క ముక్కా ఆయనకి పాఠం చెప్పక్కర్లేదు.

ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి ఒకే గెలాక్సీ బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టింది. ఒకటి మామూలు వెలుగులో తీసింది. మధ్యలో బంగారు రంగు ముద్ద, చుట్టూ మసక. రెండోది యూవీలో తీసింది. మధ్య ముద్ద దాదాపు మాయం. చుట్టూ చేతులు మాత్రం చాచుకుని, మొదటి బొమ్మలో ఏమీ లేని చోటిదాకా వెళ్ళాయి.

"ముద్దేమైంది?" అన్నాడు తాత.

"అవి ముసలి నక్షత్రాలండీ. చల్లబడిపోయినవి. వాటి నుంచి యూవీ పెద్దగా రాదు. కొత్తగా పుట్టి బాగా వేడిగా ఉన్నవే దీన్లో కనిపిస్తాయి."

నా నోరు ఊరుకోదు కదా. "అయితే తాతా, ఆ టెలిస్కోపు మన ఇంటి వైపు తిప్పితే నేను కనిపిస్తాను, నువ్వు కనిపించవు" అన్నాను.

"నన్ను చూడ్డానికి టెలిస్కోపు దేనికే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

సాయిశ్రీ తెర మీద వేలు పెట్టింది. గెలాక్సీ అంచు దాటి, ఇంకా దూరం వెళ్ళాక, ఖాళీలో ఉన్న చుక్కలు. అంత దూరంలో నక్షత్రాలు పుట్టడానికి కావలసిన సరుకు ఉండదని అనుకుంటారట. అయినా పుట్టాయి. ఒక్కో చుక్కా ఒక్క నక్షత్రం కాదు, కొన్ని వేల పసి నక్షత్రాల గుంపు. "పదకొండు కాదు తాతా, నువ్వు ఊళ్ళకి ఊళ్ళు తుడిచేశావు" అన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు. తెరకి మొహం ఆనించి చూస్తున్నాడు.

"ఇవి నలకలు కావని నీకెలా తెలిసిందమ్మా?"

"మొదట నాకూ తెలియలేదు. పైన దుమ్ముండదు కానీ ఏవో కణాలు వచ్చి పరికరాన్ని గుద్దుతాయి, మచ్చ పడుతుంది. అచ్చం నక్షత్రంలాగే ఉంటుంది. మూడేళ్ళలో సగం ఆ మచ్చలు తీసెయ్యడానికే సరిపోయింది."

తాత కళ్ళద్దాలు తీసి ఆవిడ వైపు చూశాడు. "నీదీ తుడిచే పనేనా?"

"అదే పనండీ. ముప్పై ఏడు చుక్కలుండేవి. ఇరవై ఆరు తుడిచేశాను. వేరే రోజు తీసిన బొమ్మ పక్కన పెట్టుకుని చూస్తాం. రెంట్లోనూ అదే చోట ఉంటే నక్షత్రం. ఒక్కదాంట్లోనే ఉంటే మచ్చ. అప్పటికీ అనుమానం తీరకపోతే పక్క టేబుల్ వాళ్ళని పిలిచి చూపిస్తాం."

"పక్క టేబుల్ వాళ్ళు" అన్నాడు తాత.

ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఎందుకు వేశారని నేను అడిగాను. మసక చుక్కలు అలా అయితేనే కంటికి ఆనతాయట. పాపం ఆవిడ కంటికి ఆనడానికి చేసిన ఏర్పాటే మా తాత కంటికి ఆనింది.

ఆవిడ బస్సుకి వెళ్ళిపోయాక తాత చాలాసేపు ఏ పనీ చేయలేదు. తర్వాత నన్ను పిలిచి, ఎన్నడూ లేనిది, ఆ బొమ్మ సంగతంతా మళ్ళీ మొదటి నుంచి నాకే చెప్పడం మొదలుపెట్టాడు. నేను అక్కడే ఉండి విన్నానని గుర్తు చేయలేదు. ఫోను జేబులో పెట్టుకుని "ఊ" అంటూ కూర్చున్నాను.

రెండు రోజులకి లక్ష్మీకాంత్ కొత్త ఫిలిం తనే పట్టుకొచ్చాడు. "పీరుగారూ, మీరు చెప్పకపోతే నా పని అయిపోయేదండీ" అని చేతులు పట్టుకున్నాడు. తాత మాట మారుస్తూ, "మిషను మాత్రం కడుగు" అన్నాడు.

ఆ రోజు పొద్దున్న కొత్త మిషను వాళ్ళు కొలతలకి వచ్చారు. ఏసీ ఎక్కడ పెట్టాలో, బొక్క ఎక్కడ కొట్టాలో పసుపు గోడల మీద పెన్సిల్‌తో గీతలు గీసి వెళ్ళారు. వాళ్ళు పోయాక తాత ఫిలిం పరిచాడు. గాజు రెండుసార్లు తుడిచాడు. నన్ను బయటికి పంపి దీపం వేశాడు. తలుపు సందులోంచి నీలంగా సన్నటి గీత వచ్చి, నాలుగు నిమిషాలు ఉండి, ఆగిపోయింది. నీళ్ళ చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అవతల డేనియల్ మిషను సిద్ధం చేసుకుని రెండుసార్లు కేకేశాడు. నేను తలుపు తోసుకుని వెళ్ళాను.

ప్లేటు బల్ల మీద తడిగా ఉంది. తాత పెన్ను పట్టుకుని దాని ముందు నిలబడి ఉన్నాడు. మూత కూడా తీయలేదు.

"నువ్వు లెక్కపెట్టు" అన్నాడు.

వేలు తగలకుండా లెక్కపెట్టాను. పన్నెండు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. పన్నెండే. పేజీ పైన, ఎడమవైపు మూలకి, ఒకటి ఎక్కువ. మిగతావాటికంటే పెద్దదీ కాదు, చిన్నదీ కాదు.

ఫిలిం తీసి పక్కన పెట్టుకుని చూశాను. అందులో పదకొండే ఉన్నాయి.

"ఫిలింలో లేదు తాతా. ఒక్కదాంట్లోనే ఉంటే మచ్చ అని ఆవిడే చెప్పిందిగా. గాజు మీద నలకే ఇది. తుడిచెయ్."

"తెలుసు" అన్నాడు. "అయినా అడుగుదాం. ఫోను చెయ్."

ఇంత చిన్న దానికి బెంగుళూరు ఫోను చేయాలా అని నోటిదాకా వచ్చింది. చేశాను. తాతకి ఇచ్చాను. ఫోను చెవికి ఎలా పెట్టుకోవాలో ఆయనకి ఎప్పుడూ అయోమయమే, తలకిందులుగా పెట్టుకుంటే సరిచేశాను. ఎక్కడుందో వేళ్ళతో కొలిచి చెప్పాడు. పై నుంచి రెండు వేళ్ళు, ఎడమ నుంచి మూడు వేళ్ళు. అవతల ఆవిడ బొమ్మ తెరిచి చూస్తున్నట్టుంది, ఆయన పెన్ను ఆ చుక్క పక్కనే పట్టుకుని నిలబడ్డాడు.

"నాది కాదు తాతగారూ. అది మచ్చే. తుడిచెయ్యండి" అన్నది నాకూ వినబడింది.

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మూత తీసి, ఒక్కసారి తాకించి, ఆ పన్నెండోది తుడిచేశాడు. నీళ్ళతో కడిగాడు. జిగురు పూశాడు. డేనియల్ వచ్చి ప్లేటు అంచులు పట్టుకుని తీసుకుపోయాడు.

"ఇంకేమైనా ఉన్నాయా అమ్మా, తుడవాల్సినవి?" అన్నాడు తాత.

"లేవండీ. ఉంటానండీ."

ఖాళీ బల్ల ముందు ఆయన ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అవతల డేనియల్ మిషను మొదలైంది. గోడలు అదిరాయి.

"తాతా, పెట్టేసింది" అన్నాను.

"తెలుసు" అన్నాడు.